బాలల రక్తవ్యాధులు: ఖుర్తుబా నుంచి తాండూరు వరకు

వైద్యశాస్త్ర చరిత్రలో బాలల రక్తవ్యాధులకు ఒక ప్రత్యేకత ఉంది. తక్కిన వ్యాధులకు కారణాన్ని గాలిలో, నీటిలో, ఆహారంలో వెదకిన మనిషి, ఈ వ్యాధులకు మాత్రం కారణాన్ని ఇంటిలోనే వెదికాడు. పుట్టిన బిడ్డ ఏడాది తిరగకముందే పాలిపోయి మరణిస్తే తల్లి కడుపు మంచిది కాదన్నారు. చిన్న గాయానికే రక్తం ఆగక మగపిల్లలు చనిపోతే ఆ వంశానికి ఎవరి ఉసురో తగిలిందన్నారు. తావీదులు కట్టారు, మొక్కులు మొక్కారు, చివరకు కోడలిని పుట్టింటికి పంపారు. ఈ భావనలు ఏ క్రమంలో తొలగిపోయాయో, ఇంకా ఎక్కడ మిగిలి ఉన్నాయో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రకు తాండూరు వంటి పట్టణం తగిన ఉదాహరణ. కాగ్నా నది సమీపాన, నాపరాతి గనులకు, కందిపంటకు పేరుపొందిన ఈ ఊరు నిజాం కాలంలో గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కొడంగల్‌తోపాటు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. జిల్లాల హద్దులు మారినా ఇక్కడి కుటుంబాల పెళ్ళి సంబంధాలు ఆ హద్దులను పాటించలేదు. ఇటు వికారాబాదు, హైదరాబాదు, అటు సేడం, చించోళి, గుల్బర్గా దాకా తెలుగు, ఉర్దూ, కన్నడ కుటుంబాల బంధుత్వాలు అల్లుకొని ఉన్నాయి. మేనరికం హిందువులలో ఆచారం. ముస్లింలలో చిన్నాన్న, పెదనాన్న, పిన్ని బిడ్డలతో కూడా నికాహ్ జరుగుతుంది. వంశపారంపర్యంగా వచ్చే వ్యాధుల చర్చ ఇటువంటి చోట పుస్తకాలలో ఉండిపోయే చర్చ కాదు. అది ప్రతి ఇంటి పెళ్ళిచూపులకూ సంబంధించినది.

జహ్రావీ చూచిన గ్రామం

గాయమైతే రక్తం గడ్డకట్టని వ్యాధిని నేడు హీమోఫీలియా అంటున్నారు. దీనిని వైద్యుని దృష్టితో స్పష్టంగా వర్ణించిన తొలి రచయితగా చరిత్రకారులు అబుల్ ఖాసిం అల్ జహ్రావీని పేర్కొంటారు. ఆయన క్రీ.శ. 936 ప్రాంతంలో అందులుస్‌లోని ఖుర్తుబా నగరానికి చేరువన ఉన్న మదీనతుజ్ జహ్రాలో జన్మించి, 1013 ప్రాంతంలో మరణించాడు. ముప్పయి భాగాల "కితాబుత్ తస్రీఫ్" ఆయన జీవితకాల కృషి. శస్త్రచికిత్సా పరికరాల చిత్రాలతో కూడిన దాని చివరి భాగాన్ని 12వ శతాబ్దంలో క్రెమోనా నగరవాసి జెరార్డ్ లాటిన్‌లోకి అనువదించగా, యూరప్ వైద్యులు కొన్ని శతాబ్దాలపాటు దానిని ప్రమాణంగా స్వీకరించారు.

ఆ గ్రంథంలోనే జహ్రావీ ఒక గ్రామం సంగతి వ్రాశాడు. అక్కడి పురుషులకు పెద్ద గాయమైతే ప్రాణం పోయేదాకా రక్తం ఆగేది కాదట. ఒక బాలుడు చేతితో చిగుళ్ళు రుద్దుకొన్నందుకే రక్తం కారి చనిపోయాడట. ఇటువంటి స్థితిని మరెక్కడా చూడలేదనీ, పూర్వుల గ్రంథాలలో కనిపించలేదనీ, దీని కారణం తనకు తెలియదనీ ఆయన చెప్పాడు. రక్తం కారుతున్న చోట వాతపెట్టటమే తనకు తోచిన చికిత్స అని సూచించాడు.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, వ్యాధి పురుషులలో కనిపిస్తున్నదనీ, ఒకే ఊరివారిలో తరచుగా వస్తున్నదనీ ఆయన గుర్తించాడు. వంశపారంపర్యం అనే మాట వాడకపోయినా దానికి కావలసిన ఆధారం ఆయన వర్ణనలో ఉంది. రెండవది, కారణం తెలియనప్పుడు తెలియదని వ్రాశాడు. ఆ గ్రామస్థులపై శాపాన్ని గాని, పాపాన్ని గాని మోపలేదు. వెయ్యి సంవత్సరాల క్రిందటి వైద్యుడు పాటించిన ఈ నిగ్రహం ఆయన తరువాతి సమాజాలలో చాలాచోట్ల లోపించింది.

ఇదే వ్యాధిని యూదు ధర్మశాస్త్రజ్ఞులు మరొక మార్గంలో గుర్తించారు. సున్తీ చేసిన ఇద్దరు కుమారులు రక్తస్రావంతో మరణిస్తే మూడవవానికి సున్తీ మానవలసిందని తల్మూద్‌లో చెప్పారు. ఖుర్తుబాలోనే పుట్టి తరువాత కైరోలో వైద్యునిగా స్థిరపడిన మూసా ఇబ్నె మైమూన్ (1138-1204) ఈ నియమాన్ని వివరిస్తూ, ఆ కుమారులు ఒకే తల్లికి వేర్వేరు భర్తలవల్ల పుట్టినా నియమం వర్తిస్తుందన్నాడు. వ్యాధి తల్లి వైపునుంచి వస్తున్నదన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది. అయితే ఈ గ్రహింపు నిందగా మారలేదు. బిడ్డను కాపాడే మినహాయింపుగా మారింది. ముస్లిం కుటుంబాలలో కూడా ఈ వ్యాధి తరచు ఖత్నా సమయంలోనే బయటపడుతుంది గనుక ఈ ప్రస్తావన నేటికీ పనికివస్తుంది. మేనమామలలోగాని, తోబుట్టువులలోగాని రక్తం ఆగని చరిత్ర ఉంటే ఖత్నాకు ముందే గడ్డకట్టే పరీక్ష చేయించటం, ఆసుపత్రిలోనే ఆ పని జరిపించటం అవసరం.

పూర్వుల రక్తభావన

జహ్రావీకి కారణం దొరకకపోవటానికి ఆనాటి శరీరశాస్త్రమే అడ్డు. యూనానీ వైద్యంలో రక్తం నాలుగు అఖ్లాత్‌లలో, అంటే నాలుగు శరీర రసాలలో ఒకటి. తిన్న ఆహారం కాలేయంలో పక్వమై రక్తంగా మారుతుందని జాలీనూస్ (గాలెన్) చెప్పగా అందరూ అంగీకరించారు. బిడ్డ పాలిపోతే కాలేయం బలహీనమనీ, ఆహారదోషమనీ భావించటం ఆ సిద్ధాంతానికి సహజమైన ముగింపు. 10వ శతాబ్దారంభం వరకు జీవించిన అబూబక్ర్ రాజీ శిశువ్యాధులపై ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు. అయినా ఆయనకు కూడా రక్తకణం అనే భావన లేదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో అది సాధ్యం కాదు.

13వ శతాబ్దంలో కైరోలో పనిచేసిన ఇబ్నె నఫీస్ ఈ పరంపరలో ఒక గోడను పడగొట్టాడు. గుండె కుడి భాగంనుంచి ఎడమ భాగానికి రక్తం మధ్యగోడలోని రంధ్రాల ద్వారా పోతుందన్న జాలీనూస్ మాటను త్రోసిపుచ్చి, అది ఊపిరితిత్తుల ద్వారా ప్రయాణిస్తుందని వ్రాశాడు. 1924లో ఈజిప్టు వైద్యుడు ముహ్యుద్దీన్ తతావీ బెర్లిన్‌లోని వ్రాతప్రతిని పరిశీలించి బయటపెట్టేదాకా ఈ సంగతిని ఆధునిక లోకం పట్టించుకోలేదు.

ఈ వారసత్వాన్ని అచ్చులో నిలిపిన కృషిలో హైదరాబాదుకు భాగముంది. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, రాజీ మహాగ్రంథం "అల్ హావీ"ని 1955 నుంచి అనేక సంపుటాలుగా అరబీలో ప్రచురించింది.

కడుపులో బల్ల

తెలంగాణ పల్లెలలో పిల్లల కడుపు ఎడమవైపు గట్టిపడి ఉబ్బితే "కడుపులో బల్ల పెరిగింది" అంటారు. ఉర్దూవారు "తిల్లీ బఢ్ గయీ" అంటారు. అది ప్లీహం వాపు. చలిజ్వరం మాటిమాటికీ వచ్చే ప్రాంతాలలో పిల్లలకు బల్ల ఉండటం మామూలు విషయం. అయితే జ్వరం లేకుండానే బల్ల పెరిగి, ముఖం పాలిపోయి, బుగ్గ ఎముకలు ఉబ్బే పిల్లలు కొందరుండేవారు. వారినీ చలిజ్వరం పిల్లలతోనే కలిపి లెక్కించారు. ఈ రెండు స్థితులకూ మధ్య లోతైన సంబంధమున్నదని శాస్త్రం 20వ శతాబ్దం మధ్యలో గాని గ్రహించలేదు.

ఆ కథలో మొదటి ఘట్టం ఈ ప్రాంతంలోనే జరిగింది. వాడీనుంచి తాండూరు, వికారాబాదు మీదుగా సికిందరాబాదుకు రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. ఆ మార్గం మీదనే సికిందరాబాదుకు కూతవేటు దూరాన బేగంపేట ఉంది. అక్కడి చిన్న సైనిక వైద్యశాలలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ వ్యాధి పరాన్నజీవిని గుర్తించాడు. ఒక్కొక్క దోమకాటుకు ఒక్కొక్క అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు చెల్లించినట్లు కూడా రాస్ వ్రాసుకొన్నాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం లభించింది.

రెండవ ఘట్టం అమెరికాలో మొదలైంది. 1910లో చికాగోలో జేమ్స్ హెరిక్, గ్రెనడా ద్వీపంనుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలివలె వంగిన కణాలను వర్ణించాడు. అదే సికిల్ సెల్ వ్యాధి. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ, పర్ల్ లీ అనే శిశువైద్యులు, ప్లీహం పెరిగి, ఎముకలు మారి, తీవ్రమైన రక్తహీనతతో బాధపడే పిల్లల వర్ణన ప్రకటించారు. ఆ పిల్లల తల్లిదండ్రులు మధ్యధరా సముద్రతీరం వారు గనుక గ్రీకు భాషలో సముద్రానికి ఉన్న పేరును బట్టి 1930లలో ఆ వ్యాధికి థలసీమియా అనే పేరు వచ్చింది. పేరు సముద్రానిదే అయినా వ్యాధి సముద్రతీరానికి పరిమితం కాలేదు. 1938లో కలకత్తాలో భారతదేశపు మొదటి కేసు నమోదయింది.

మలేరియాకూ ఈ వ్యాధులకూ గల ముడిని ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. థలసీమియా గుణం ఒక్క పాలు మాత్రమే కలిగినవారికి మలేరియా తీవ్రంగా సోకదనీ, అందువల్లనే మలేరియా ప్రాంతాలలో ఆ గుణం తరతరాలుగా నిలిచిపోయిందనీ 1940ల చివర ఆయన సూచించాడు. సికిల్ సెల్ విషయంలో దీనిని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. అంటే పూర్వీకులను చలిజ్వరంనుంచి కాపాడిన గుణమే, తల్లినుంచీ తండ్రినుంచీ రెండు పాళ్ళుగా వచ్చినప్పుడు మనుమలకు ప్రాణాంతకమయింది. దీనిలో శాపమూ లేదు, పాపమూ లేదు. వేలాది సంవత్సరాలు దోమల మధ్య బ్రతికిన జనసమూహాల శరీరచరిత్ర ఇది.

సికిల్ సెల్ విషయంలో మరొక ఆసక్తికరమైన సంగతి ఉంది. భారతదేశంలో ఈ గుణాన్ని 1952లో నీలగిరి గిరిజనులలో మొదట కనుగొన్నారు. తెలంగాణలో ఆదిలాబాదు, ఖమ్మం అటవీ ప్రాంతాల గిరిజనులలో ఇది ఉంది. 1980లలో జన్యుశాస్త్రజ్ఞులు పరిశీలించగా, సౌదీ అరేబియా తూర్పుతీరంలోని ఖతీఫ్, అల్ హసా ప్రాంతాలవారిలోనూ భారతీయులలోనూ ఈ గుణం ఒకే జన్యునేపథ్యంతో ఉన్నదని తేలింది. ఆఫ్రికాలోని రూపాలకు అది భిన్నం. దానిని అరబ్-ఇండియన్ రూపమని పిలుస్తున్నారు.

తల్లి నిర్దోషి

1949లో లైనస్ పౌలింగ్ బృందం సికిల్ సెల్ వ్యాధిని హీమోగ్లోబిన్ అణువులోని లోపంగా నిరూపించింది. వ్యాధికి మూలం ఒక్క అణువులోనే ఉండవచ్చునని వైద్యలోకం అప్పుడే మొదటిసారి చూచింది. అదే కాలంలో జేమ్స్ నీల్ ఈ వ్యాధి సంక్రమించే లెక్కను స్పష్టం చేశాడు. ఈ లెక్క చాలా సులువైనది. అయినా ఎన్నో కాపురాలు దీనిమీద ఆధారపడి ఉన్నాయి గనుక వివరించటం అవసరం.

థలసీమియా గుణం ఒక్క పాలు గలవారిని వాహకులంటారు. వారికి ఏ జబ్బూ ఉండదు. కొద్దిపాటి రక్తహీనత మినహా జీవితాంతం ఆరోగ్యంగా ఉంటారు. భార్యాభర్తలలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు తీవ్రవ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రవ్యాధి రావటానికి నాలుగింట ఒక పాలు, వాహకత్వం రావటానికి నాలుగింట రెండు పాళ్ళు, ఏమీ లేకుండా పుట్టటానికి నాలుగింట ఒక పాలు అవకాశం ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండవ బిడ్డకు రాదని అనుకోవటానికి వీలులేదు. ప్రతి గర్భానికీ లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

ఈ లెక్కలో తల్లి వంతు ఎంతో తండ్రి వంతూ అంతే. తల్లి కడుపును నిందించే మాటకు శాస్త్రంలో స్థానమే లేదు. హీమోఫీలియాలో గుణం తల్లిద్వారా కుమారునికి వచ్చే మాట నిజమే. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి కుమారునికీ సగం అవకాశం ఉంటుంది. అయితే దాదాపు మూడింట ఒక వంతు కేసులలో కుటుంబంలో ముందెవరికీ ఆ వ్యాధి ఉండదు. జన్యువులో అప్పుడే కొత్తగా కలిగిన మార్పు దానికి కారణం. తన శరీరంలోని సూక్ష్మాణువును ఏ స్త్రీ ఎంచుకోలేదు గనుక, ఎంచుకోనిదానికి శిక్ష విధించటం న్యాయం కాదు.

రక్తసంబంధ వివాహాల పాత్రను కూడా సరిగా తూచటం అవసరం. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో మరణించేవరకు ఇక్కడే పనిచేశాడు. ఆయన శిష్యుడు, పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు, సహచరుడు పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను, మేనమామ వివాహాలను అధ్యయనం చేసి 1960లలో ప్రకటించారు. తెలుగునాట ఈ విషయంపై జరిగిన తొలి శాస్త్రీయ పరిశోధనలలో అది ఒకటి. మేనరికం స్వయంగా వ్యాధిని పుట్టించదు. దంపతులిద్దరికీ ఒకే తాత ఉంటే ఆ తాతలోని గుణం ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. ఇద్దరికీ ఆ గుణం లేనప్పుడు మేనరికంవల్ల థలసీమియా రాదు. ఇద్దరూ వాహకులైనప్పుడు, బొత్తిగా బంధుత్వం లేని వధూవరులైనా బిడ్డకు వ్యాధి రావచ్చు. కాబట్టి చూడవలసింది బంధుత్వాన్ని మాత్రమే కాదు, రక్తాన్ని కూడా.

రక్తదానం, ధర్మసందేహం

తీవ్ర థలసీమియాతో పుట్టిన బిడ్డ మొదటి కొద్ది నెలలు మామూలుగానే ఉంటుంది. గర్భంలోని హీమోగ్లోబిన్ తగ్గిపోయేకొద్దీ ఆరు నెలలకూ రెండేళ్ళకూ మధ్య పాలిపోతుంది. అక్కడినుంచి రెండు మూడు వారాలకొకసారి, కొందరికి నెలకొకసారి, రక్తం ఎక్కించవలసిందే. ఒక్కొక్క సంచి రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము శరీరంలో చేరుతుంది. శరీరం రోజుకు ఒక మిల్లీగ్రాము కంటె ఎక్కువ విసర్జించలేదు. మిగిలినదంతా గుండెలో, కాలేయంలో పేరుకొని యౌవనంలోనే ప్రాణం తీస్తుంది. దీనిని వెలికితీసే మందు మొదట రాత్రంతా చర్మం క్రింద సూదితో ఎక్కించేదిగా ఉండేది. మింగే మందు డిఫెరిప్రోన్ 1990ల మధ్యలో ప్రపంచంలో అందరికంటె ముందు భారతదేశంలోనే అనుమతి పొందింది.

రక్తం ఎక్కించటాన్ని గురించి ముస్లిం సమాజంలో ధర్మసందేహాలు కలిగాయి. శరీరంనుంచి కారిన రక్తం నజిస్, అంటే అపరిశుద్ధం గదా, దానిని మరొకరికి ఎలా ఎక్కిస్తారన్నది మొదటిది. ప్రాణరక్షణకు మరో మార్గం లేనప్పుడు నిషిద్ధమూ అనుమతమవుతుందన్న "జరూరత్" సూత్రం ఆధారంగా ఫఖీహ్‌లు దీనిని సమ్మతించారు. రెండవ సందేహం మరింత సూక్ష్మమైనది. ఒక స్త్రీ పాలు త్రాగిన బిడ్డకు ఆమె సంతానంతో వివాహం నిషిద్ధం గదా, రక్తం ఇచ్చినవారితో కూడా అటువంటి బంధుత్వం ఏర్పడుతుందా? ఏర్పడదని ఫఖీహ్‌లు నిర్ణయించారు. పాలకు గల విధి రక్తానికి లేదు. మూడవది రక్తాన్ని అమ్మటం. దానం చేయటం పుణ్యమనీ, అమ్మటం తగదనీ అన్నారు. భారతదేశంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పువల్ల 1998 జనవరి 1 నుంచి వృత్తిగా రక్తం అమ్ముకోవటం నిషిద్ధమయింది. ధర్మశాస్త్రమూ దేశ న్యాయమూ ఈ విషయంలో ఒకే చోట కలిశాయి.

బిడ్డల వైద్యానికి హైదరాబాదులో ప్రత్యేకమైన ఆసుపత్రి ఉండాలన్న తలంపు నిజాం కోడలు, ఉస్మానియా రాజవంశీయురాలు నీలోఫర్ యువరాణిది. ఆమె పరిచారిక ప్రసవంలో మరణించటం అందుకు ప్రేరణ అయింది. 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి అప్పటినుంచి తెలంగాణ పల్లెల తల్లులకు పెద్ద దిక్కుగా నిలిచింది. 1998లో హైదరాబాదులో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఏర్పడి, పిల్లలకు రక్తం ఎక్కించే కేంద్రాన్ని నడుపుతున్నది. తాండూరునుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం వెళ్ళి రక్తం ఎక్కించుకోవలసిన బిడ్డకు నెలకు రెండు ప్రయాణాలంటే తండ్రికి రెండు దినాల కూలి పోయినట్లే. 1874లో గనుల రాయిని, ధాన్యాన్ని మోయటానికి ఉపకరించిన రైలుమార్గం ఇటువంటి కుటుంబాలకు ప్రాణమార్గమయింది.

వివాహానికి ముందు ఒక పరీక్ష

ఈ వ్యాధిని నివారించే మార్గాన్ని ముందుగా చూపినది చిన్న దేశమైన సైప్రస్. 1970లలో అక్కడ పరీక్షలు మొదలయ్యాయి. పెళ్ళి జరిపే చర్చి 1980లలో పరీక్షాపత్రం తెమ్మని కోరసాగింది. కొద్ది సంవత్సరాలలోనే తీవ్రవ్యాధితో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు శూన్యమయింది. ఇరాన్ 1997లో వివాహానికి ముందు థలసీమియా పరీక్షను దేశవ్యాప్తంగా తప్పనిసరి చేసింది. సౌదీ అరేబియా 2004లో థలసీమియా, సికిల్ సెల్ పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితం చూచిన తరువాత పెళ్ళి చేసుకోవటమా మానటమా అన్నది మాత్రం అక్కడ వధూవరుల ఇష్టానికే వదిలారు.

వాహకులని తెలియక పెళ్ళాడినవారి సంగతి ఇంకా కష్టమైనది. మూడవ నెలలో గర్భస్థ శిశువు మావినుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఉంటే ఏమి చేయాలి? మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్‌కు చెందిన ఫిఖ్హ్ మండలి 1990 ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో దీనిని చర్చించింది. గర్భం 120 దినాలు దాటకముందు, శిశువుకు చికిత్సకు లొంగని తీవ్రమైన వైకల్యం ఉందని నమ్మదగిన వైద్యుల సంఘం నిర్ధారిస్తే, తల్లిదండ్రుల కోరికపై గర్భస్రావం అనుమతించవచ్చునని నిర్ణయించింది. 120 దినాల తరువాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప అనుమతి లేదన్నది. గర్భస్థ శిశువులో ఆత్మ ప్రవేశించే కాలాన్ని గురించిన హదీసు ఈ హద్దుకు ఆధారం. ఇరాన్ 2005లో నాలుగు నెలల గడువుతోనే చట్టం చేసింది. దీనిని అంగీకరించని ఉలమాలూ ఉన్నారు. 120 దినాలకు ముందైనా ప్రాణం పోసుకొంటున్న గర్భాన్ని తొలగించరాదని వారి వాదం. చికిత్సతో ఎన్నో ఏళ్ళు బ్రతకగల వ్యాధి ఈ నిర్ణయం క్రిందికి వస్తుందా అన్న ప్రశ్నా ఉంది. ఈ భేదాభిప్రాయం గౌరవింపదగినదే. అయితే ఇరుపక్షాలకూ సమ్మతమైన ఒక మార్గం ఉంది. గర్భం రాకముందే, వీలైతే నికాహ్‌కు ముందే పరీక్ష చేయించుకొంటే ఈ ధర్మసంకటమే తలెత్తదు.

భారతీయ చట్టం దృష్ట్యా 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించి, తీవ్రమైన వైకల్యం ఉందని వైద్యమండలి చెప్పిన గర్భాలకు వారాల గడువును తొలగించారు. అందువల్ల చట్టంకంటె ధర్మశాస్త్రం పెట్టిన గడువే చిన్నది. ముస్లిం దంపతులకు కాలం విలువ మరింత ఎక్కువ. గర్భం వచ్చిన మొదటి నెలలోనే భార్య రక్తాన్ని, ఆమె వాహకురాలైతే వెంటనే భర్త రక్తాన్ని పరీక్షిస్తేనే మూడవ నెల పరీక్షకు వ్యవధి ఉంటుంది. అయిదవ నెలలో మొదటిసారి ఆసుపత్రి గడప తొక్కితే ఆ ద్వారం మూసుకుపోయినట్లే.

రక్తం తక్కువ అనే మాట

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలనుంచి అయిదేళ్ళలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. వీరిలో ఎక్కువమందికి కారణం ఆహారంలో ఇనుము చాలకపోవటం, కడుపులో నులిపురుగులు. ఇంతమంది మధ్య థలసీమియా బిడ్డ కనబడకుండా పోవటం సులభం. "రక్తం తక్కువ" అనే ఒక్క మాట క్రింద అందరికీ ఇనుప టానిక్కు ఇస్తే ఆహారలోపం గల బిడ్డ కోలుకొంటుంది. రక్తం ఎక్కించుకొంటూ ఇనుము పేరుకొన్న థలసీమియా బిడ్డకు అదే టానిక్కు కీడు చేస్తుంది. ఇనుము ఇచ్చినా రక్తం పెరగకపోతే, కణాలు మామూలుకంటె బాగా చిన్నవిగా ఉంటే, హీమోగ్లోబిన్‌లోని రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాలి. హీమోగ్లోబిన్ ఏ2 అనే భాగం 3.5 శాతం దాటితే సాధారణంగా ఆ వ్యక్తి వాహకుడని నిర్ధారిస్తారు. జీవితంలో ఒక్కసారి చేయించుకొంటే చాలిన పరీక్ష ఇది.

భారతదేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు తీవ్ర థలసీమియాతో పుడుతున్నారని అంచనా. 2016 వికలాంగుల హక్కుల చట్టం హీమోఫీలియా, థలసీమియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాలుగా గుర్తించింది. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలయింది. ఎముకమజ్జ మార్పిడితో థలసీమియా నయమవుతుందని 1980ల ఆరంభంలోనే తేలింది. 2023లో జన్యువునే సవరించే చికిత్సకు బ్రిటన్ అనుమతి ఇచ్చింది. ఈ చికిత్సల ఖరీదు గనికూలీ కుటుంబానికి అందేది కాదు. తాండూరు వంటి ఊరికి నేడు అందుబాటులో ఉన్న గొప్ప ఔషధం ముందుగా తెలుసుకోవటమే.

జహ్రావీ చూచిన గ్రామానికీ నేటి పల్లెకూ మధ్య వెయ్యి సంవత్సరాలు గడిచాయి. ఆయనకు తెలియని కారణం నేడు తెలిసింది. అది తెలిసిన తరువాత కూడా పెళ్ళి కుదిర్చేవారు కట్నకానుకలను, వంశాన్ని విచారించి రక్తాన్ని విచారించకపోతే, ఆసుపత్రి పడకమీద పాలిపోయిన బిడ్డ ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లిస్తుంది. మస్జిదులో నికాహ్ నమోదు చేసే ఖాజీ, పెళ్ళి ముహూర్తం పెట్టే పురోహితుడు, గర్భిణీ పేరు వ్రాసుకొనే ఆశా కార్యకర్త, ఈ ముగ్గురూ వధూవరులను ఒకే ప్రశ్న అడగటం అలవాటు చేసుకొంటే చాలు: రక్తపరీక్ష చేయించారా? ఆ ప్రశ్న వరునికీ వధువుకూ సమానంగా వేయాలి. గుణం ఇద్దరిలోనూ ఉండగలదు గనుక బాధ్యత కూడా ఇద్దరిదీ.